పాత బోర్డు

సాల్టర్ శిఖరం, ఐడహో
జూన్ 12

అక్కా,

హోలిస్ సరుకులు మోసే తన కంచరగాడిదల్ని తోలుకుని రేపు పొద్దున్నే కిందికి దిగుతాడట. మళ్ళీ రెండు వారాలకి గానీ ఈ కొండెక్కడు. అందుకని కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా రాస్తున్నాను. ఇక్కడ రేడియో ఉంది కానీ అది పొగ గురించి చెప్పడానికే. అక్కాతమ్ముళ్ళ కబుర్లకి కాగితమే గతి.

అసలు విషయానికొస్తాను, తిట్టకు. నువ్వు ఆరేళ్ళ కిందట చేతులారా బిగించి ఇచ్చిన ల్యాప్‌టాప్ నాకిక సరిపోవడం లేదు. మూడు గంటలకే బ్యాటరీ అయిపోతోంది. ఈ కార్చిచ్చు కాపలా టవరు మీద ఉన్నవి రెండే సోలార్ పలకలు. ఒకటి రేడియోకి, ఒకటి నాకు. మబ్బు పట్టిన రోజున నీ యంత్రం తాగేదానికీ నా పలక ఇచ్చేదానికీ పొంతన లేదు. నిమిషానికొక ఫొటో తీసే నా కెమెరా దానికే తగిలించి ఉంటుందని నీకు తెలుసుగా. యంత్రం పడుకుంటే కెమెరా కూడా పడుకుంటుంది.

హోలిస్ ఒక కొత్తది కొన్నాడు. అట్టముక్కంత పలచన. పద్దెనిమిది గంటలు వస్తుందట. గాడిద వీపు మీద కూర్చుని సినిమా చూస్తూ కొండెక్కాడు, చూడలేక చచ్చాను. నాకూ అలాంటిదొకటి చూసి పెట్టు.

ఇంకో కారణం కూడా ఉంది. పోయిన ఏడాది కార్చిచ్చు మీద అక్టోబరులో పూర్తి విచారణ పెడుతున్నారు. టాన్సీ వాళ్ళమ్మ హ్యాడ్లీ గారు పట్టుబట్టారట. మొదట జరిగిన చిన్న విచారణలో నా తప్పేమీ లేదన్నారు కదా, అది ఆవిడకి చాలలేదు. తప్పు పట్టను. ఇరవై రెండేళ్ళ కూతురు కాలిబాట బాగుచెయ్యడానికని వెళ్ళి, తన మేస్త్రీ గార్త్‌తో పాటు ఆ లోయలో కాలిపోయింది. పొగ నాకు ఎప్పుడు కనపడింది, ఎప్పుడు రేడియోలో చెప్పాను, ఇదే ఆవిడ ప్రశ్న. ఆగస్టు పదకొండు నాటి ఫొటోలు నా దగ్గర ఉన్నాయనీ, తెచ్చి ఇస్తాననీ రాసి పంపాను. అవన్నీ కూర్చుని చూడాలంటే బ్యాటరీ కావాలి. ఇప్పటిదాకా చూడలేదు.

ఎల్డన్

*

స్పోకేన్
జూన్ 27

ఒరే ఎల్డన్,

తిట్టకు అని రాసేవాడు తిట్టించుకునే పని చెయ్యకూడదు.

అట్టముక్కంత పలచనట! పైన పటారం, లోన లొటారం. నా బల్ల మీదికి వారానికి అరడజను వస్తాయి అవి. మెమరీ అతికేస్తారు, బ్యాటరీ జిగురుతో అంటిస్తారు, కాఫీ చుక్క పడిందా, మొత్తం యంత్రాన్ని చెత్తలో వెయ్యమంటారు. విప్పడానికి వీల్లేని వస్తువు నీది కాదురా, అద్దెకి తెచ్చుకున్నట్టే. ముప్ఫై ఏళ్ళుగా ఈ కొట్లో ఇదే మాట చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. నా తమ్ముడే వచ్చి అలాంటిది కావాలంటే నేను తల ఎక్కడ పెట్టుకోను?

నిజం మాత్రం ఒప్పుకుంటాను. కరెంటు పొదుపులో అవి మనవాటి కన్నా ఎన్నో రెట్లు మేలు. మనది గుటకలేస్తుంది, అవి చప్పరిస్తాయి. కొండ మీద ఉండేవాడికి అదే ముఖ్యం అంటే కాదనలేను. అయితే ఒక దారి ఉంది. నీ పెట్టెకి ఈ ఏడాది కొత్త మదర్‌బోర్డు వచ్చింది. సగం కరెంటుతో నడుస్తుంది. తెర అదే, మీటలు అవే, నీ ఫొటోలున్న డిస్కూ అదే. బోర్డొక్కటి మారుస్తాను. ఎనిమిది తొమ్మిది గంటలు ఖాయం. పద్దెనిమిది రావు, రాకపోతే హోలిస్‌లా గాడిద మీద సినిమా చూడకుండా కళ్ళు తెరిచి అడవిని చూడు. హోలిస్ చేతికి ఇచ్చి పంపు.

మరొక సంగతి. ఫొటోలు చూడ్డానికి బ్యాటరీ లేదన్నావు. చలికాలమంతా గ్రేంజ్‌విల్‌లో నీ ఇంట్లో గోడకి ప్లగ్గు లేదా? ఎనిమిది నెలలు ఏం చేశావు?

నీ అక్క
వెర్నా

*

సాల్టర్ శిఖరం
జూలై 10

అక్కా,

యంత్రం పంపుతున్నాను. పాత తువ్వాల్లో చుట్టాను, తువ్వాలు కూడా ఉతికి పంపు.

ప్లగ్గు సంగతి అడిగావు. ఉంది, రెండున్నాయి. చలికాలంలో నాలుగైదు సార్లు తెరిచాను. ఆగస్టు అన్న చోటు దాకా వెళ్ళి మూసేశాను. ఒకసారి పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె మాడుతోందని లేచాను. మరోసారి ఏ వంకా దొరక్క, ఊరికే లేచాను. అంతకన్నా ఇప్పుడు అడగకు.

ఒక్క మాట. యంత్రం నీ దగ్గరున్నప్పుడు ఆ రోజు ఫొటోలు తెరవొద్దు. దాని సంకేతపదం నువ్వే పెట్టావు కాబట్టి నీకు తెలుసు, అందుకే బతిమాలుతున్నాను. ముందు నా కళ్ళే చూడాలి. తొమ్మిది గంటల బ్యాటరీ వస్తే నాకిక వంక ఉండదు. ఇక్కడే, ఆ లోయకి ఎదురుగా కూర్చుని చూస్తాను. అక్టోబరు లోపల చూసి తీరాలి.

ఈసారి అడవిలో హకిల్‌బెర్రీ పళ్ళు త్వరగా పండాయి. ఎలుగుబంటి ఒకటి మెట్ల దాకా వచ్చి పోతోంది. అది తప్ప పలకరించేవాళ్ళు లేరు.

ఎల్డన్

*

స్పోకేన్
జూలై 22

ఎల్డన్,

యంత్రం పంపుతున్నాను. కొత్త బోర్డు వేశాను. ఇక్కడ నా పరీక్ష డిస్కు పెట్టి చూస్తే తొమ్మిది గంటల పది నిమిషాలు నడిచింది.

పాత బోర్డు గ్రంథాలయం వాళ్ళకి ఇచ్చేశాను. ఒక చిన్న డబ్బాలో బిగిస్తే పుస్తకాల జాబితా చూసుకోడానికి పనికొస్తుంది.

తువ్వాలు ఉతికాను.

వెర్నా

*

సాల్టర్ శిఖరం
ఆగస్టు 5

అక్కా,

ఏదో పొరపాటు జరిగింది. కంగారు పడకు, నేనే కావలసినంత పడుతున్నాను.

యంత్రం లేస్తోంది, కానీ సగంలో ఆగిపోయి నీలం తెర మీద నలభై ఎనిమిది అంకెలు కొట్టమంటోంది. మామూలు సంకేతపదం ఇస్తే మొహం మీదే తలుపేస్తోంది. ఆ అంకెలు నా దగ్గర లేవు. నీ దగ్గర ఉండే ఉంటాయి. ఎవరి యంత్రం విప్పినా ముందు ఆ అంకెలు నీ పచ్చ పుస్తకంలో రాసుకుంటావు కదా. నాకు ఆ పని నేర్పిందే నువ్వు. రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఫొటోలు చూడ్డానికి బల్ల సర్దుకున్నాను, పొద్దున్నే లోయ వైపు కుర్చీ వేసుకున్నాను. గుండె దిటవు చేసుకుని కూర్చుంటే ఈ అంకెలు! నవ్వొచ్చింది కూడా. బోలెడంత కరెంటు ఉంది, చూడ్డానికి ఏమీ లేదు.

హ్యాడ్లీ గారి దగ్గర్నించి ఒక ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. 'నాకు ఎవరినీ జైల్లో పెట్టించాలని లేదు. నా బిడ్డకి తప్పించుకునే టైము ఉండిందా లేదా, అదొక్కటే నాకు తెలియాలి' అని.

అంకెలు పంపు అక్కా.

ఎల్డన్

*

స్పోకేన్
ఆగస్టు 19

ఎల్డన్,

ఎలా చెప్పాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

డిస్కుకి తాళం వేసింది పాత బోర్డు. తాళంచెవి ఆ బోర్డు లోపలే ఉంటుంది. బోర్డు మారిస్తే ఆ అంకెలు కొట్టాలి. గ్రంథాలయానికి ఇచ్చే ముందు ఆ బోర్డుని పూర్తిగా తుడిచేశాను, ఎవరి వస్తువు ఎవరికిచ్చినా అలాగే చేస్తాను కాబట్టి. అంకెలు రాసుకోవడం మరిచాను. పచ్చ పుస్తకంలో లేవు. వెతికాను.

ఇంక ఆ డిస్కుని ఎవరూ తెరవలేరు. నేనూ తెరవలేను. ఎవరైనా తెరుస్తామంటే నమ్మకు.

విచారణలో యంత్రం పాడైందని చెప్పు. అది నిజమే. నిన్నెవరూ ఏమీ అనరు. నన్ను క్షమించు.

వెర్నా

*

సాల్టర్ శిఖరం
సెప్టెంబరు 2

అక్కా,

నీ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. తిట్టని అక్క నాకు కొత్త. నువ్వెంత నలిగిపోతున్నావో దాన్నిబట్టే అర్థమైంది. క్షమించమని అడగకు. నీది మరుపు, అంతే. నేను చేసింది చెబితే నువ్వు క్షమించగలవో లేదో చూసుకో. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. ఫొటోలే చెబుతాయి, నేను నోరు విప్పనక్కర్లేదు అనుకున్నాను. ఇప్పుడు అవీ లేవు. అందుకని నీకు చెబుతున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నేను అడవిని చూడటం లేదు.

ముందు రోజు హోలిస్ నువ్వు పంపిన పొట్లం తెచ్చాడు, గుర్తుందా? కొత్త మెమరీ పలక. 'పట్టపగలు వెలుతురులో మార్చు, పది నిమిషాల పని' అని చీటీ రాశావు. మధ్యాహ్నం ఆకాశం శుభ్రంగా ఉంది. చుట్టూ ఒకసారి చూసి, యంత్రం ఆపి, బల్ల మీద విప్పాను. పావుగంటకోసారి లేచి నాలుగు దిక్కులా చూడాలని మా నియమం. పది నిమిషాల పనే కదా అనుకున్నాను. కొత్త పలక బిగించి మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. ఒక నిమిషం చూశాను, రెండు చూశాను. చంపేశాన్రా దేవుడా అనుకుని మళ్ళీ విప్పాను. తీసి, ఊది, మళ్ళీ పెట్టాను. మళ్ళీ నలుపే. అలా ఎన్నిసార్లు విప్పానో నాకు తెలియదు. మెడ వంచినవాణ్ణి వంచినట్టే ఉన్నాను. చివరికి దానంతటదే వెలిగింది. ఎంత సంతోషమేసిందంటే, మెమరీ రెండింతలైందా లేదా అని ఆ అంకె చూసుకున్నానక్కా. అప్పుడు తలెత్తాను.

అప్పటికి ఆ పొగ పీచులా లేదు. నిలబడి ఉంది. దిక్కు కొలిచి రేడియోలో చెప్పేసరికి రెండూ యాభై ఎనిమిది. మూడూ పదికి గార్త్‌కి కబురందింది. మూడూ ఇరవైకి గాలి వాళ్ళ వైపు తిరిగింది. వాళ్ళ గుడారం నుంచి నదికి అరగంట నడక.

ఎంతసేపు మెడ వంచానో నాకు నిజంగా తెలియదు. ఒక్కోరోజు పదిహేను నిమిషాలే అనిపిస్తుంది, ఇంకో రోజు గంట అనిపిస్తుంది. యంత్రం ఆపినప్పుడు ఫొటోలు ఆగాయి, లేచాక మొదలయ్యాయి. మధ్యనున్న ఖాళీయే నా తప్పు కొలత. పదిహేను నిమిషాలైతే బతకగలను అక్కా. చూడాలంటే భయపడింది అందుకే. చూడకుండా ఉండలేకపోయిందీ అందుకే. ఇప్పుడు చచ్చేదాకా ఆ కొలత తెలియదు. ఆవిడకి 'తెలియదమ్మా' అని ఏ మొహంతో చెప్పను?

రాత్రుళ్ళు కాదు, పగలే భరించలేకపోతున్నాను. పావుగంటకోసారి లేచి ఆ లోయ చూడటమే నా ఉద్యోగం మరి.

ఎల్డన్

*

స్పోకేన్
సెప్టెంబరు 16

తమ్ముడూ,

నలభై ఏడు నిమిషాలు.

రెండూ నాలుగుకి ఆఖరి ఫొటో. అందులో కొండలు తప్ప ఏమీ లేవు. తరవాతది రెండూ యాభై ఒకటికి. అందులో పొగ చెట్ల మీద నాలుగు చెట్ల ఎత్తు ఉంది. అది అప్పటికప్పుడు లేచింది కాదు. నీకు చెప్పనక్కర్లేదు.

చూడొద్దన్నావు. యంత్రం వచ్చిన రోజే చూశాను. చలికాలమంతా తెరవలేకపోయిన తమ్ముడు కొండ మీద ఒంటరిగా కూర్చుని చూస్తానంటే, ముందు నేను చూసి, బాగానే ఉంది చూసుకోరా అని రాద్దామనుకున్నాను. ఖాళీ చూడగానే అర్థమైంది. మెమరీ పంపిన తేదీ నా పుస్తకంలో ఉంది.

ఇంకా విను. కొత్త మెమరీ పెట్టాక మొదటిసారి తెర నల్లగానే ఉంటుంది. ఒక్కోసారి ఐదు నిమిషాలు, పది నిమిషాలు. యంత్రం ఆ మెమరీని పరిచయం చేసుకుంటుంది. ముట్టుకోకుండా వదిలెయ్యాలి, అంతే. ఈ పని తెలిసినవాళ్ళందరికీ అది తెలుసు. నా కొట్లో కొనే ప్రతివాడికీ చీటీ మీద రాసిస్తాను. నీకు రాయలేదు. సరుకులకి ఊళ్ళోకొచ్చిన హోలిస్ కొట్టు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు, ఒక్క వాక్యం మింగేశాను. ఆ వాక్యం రాసి ఉంటే నువ్వు ఒక్కసారి బిగించి, లేచి చుట్టూ చూసేవాడివి. నువ్వు విప్పిన ప్రతిసారీ అది మొదటినుంచి మొదలుపెట్టింది.

అంకెలు మరిచిపోలేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ మరవలేదు. పచ్చ పుస్తకంలో రాశాను. ఫొటోలు చూశాక ఆ కాగితం చింపి పొయ్యిలో వేశాను. బోర్డుని తెలిసే తుడిచాను. నీ కోసమే అని చెప్పుకున్నాను. అది సగమే నిజం. నా చీటీ విచారణలో పైకి చదువుతారని, ఆ తల్లి నా పేరు వింటుందని భయపడ్డాను. ఏ వస్తువూ మూసి పెట్టకూడదని ఊరందరికీ నీతులు చెప్పినదాన్ని, ఎవరూ తెరవలేకుండా మూసింది మాత్రం నేనే.

నీ ఉత్తరం చదివేదాకా నిన్ను కాపాడాననే అనుకున్నాను. పదిహేను నిమిషాలైతే బతకగలను అన్నావు చూడు, అక్కడ కూలబడ్డాను. అబద్ధం చెప్పి పదిహేను అని రాద్దామా అని కూడా అనుకున్నాను. ఇంకో అబద్ధానికి చెయ్యి రాలేదు. క్షమించరా.

ఈ ఉత్తరం కింద నా సంతకం ఉంది. అక్కడ చూపించాలంటే చూపించు. సాక్ష్యం చెరిపినందుకు ఏం చేస్తారో చెయ్యనీ. నేను అడ్డుపడను.

వెర్నా

*

గ్రేంజ్‌విల్
అక్టోబరు 15

అక్కా,

విచారణ నిన్న అయిపోయింది.

నువ్వు రాసింది కొండ మీద చదివాను. నీ మీద కోపం రాలేదని అంటే అబద్ధం. మూడు రోజులు నీ పేరు తలవలేదు. తరవాత కోపం కూడా అలిసిపోయింది. ఇద్దరం కలిసి చేసిన పని ఇది. నువ్వు ఒక వాక్యం రాయలేదు, నేను ఒకసారి తలెత్తలేదు.

హాల్లో నిలబడి చెప్పాను. నలభై ఏడు నిమిషాలు నేను అడవిని చూడలేదు, ల్యాప్‌టాప్ విప్పుకుంటూ కూర్చున్నాను అని. ఎన్నో రోజులు సాధన చేశాను. అటవీ శాఖ తరఫు లాయరు లేచి, 'నలభై ఏడే అని ఎలా చెప్పగలరు? లెక్క చూశారా?' అన్నాడు. లేదన్నాను. 'ఫొటోలు ఉన్నాయన్నారుగా?' పోయాయన్నాను. 'మొదటి విచారణలో మరి ఎందుకు చెప్పలేదు?' భయపడ్డానన్నాను. ఆయన కూర్చుని పక్కాయనతో మెల్లగా ఏదో అన్నాడు. విచారణ అధ్యక్షుడు నా వంక జాలిగా చూశాడు. 'ఇలాంటివి జరిగాక మనుషులు తమని తామే నిందించుకుంటారు, అది సహజం' అని, ఆధారం లేని మాట నివేదికలో చేర్చలేమన్నాడు. రేడియో పుస్తకంలో ఉన్న రెండూ యాభై ఎనిమిదే ఖాయం చేశారు. పొగ కనపడగానే కాపలాదారు చెప్పాడు అని రాసుకున్నారు. వచ్చే ఏడాది కూడా నాకు ఆ టవరే ఇస్తారట.

నీ ఉత్తరం అంతసేపూ నా కోటు జేబులో ఉంది. అదొక్కటి తీసి బల్ల మీద పెడితే అందరూ నమ్మేవాళ్ళు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. నాకు మిగిలింది నువ్వొక్కదానివే. తియ్యలేకపోయాను. నిజం చెప్పే ధైర్యం నాకు నా వరకే ఉందని అప్పుడు తెలిసింది.

బయటికొస్తుంటే హ్యాడ్లీ గారు మెట్ల దగ్గర ఆగి ఉన్నారు. చిన్న మనిషి. చేతిలో టాన్సీ ఉన్ని టోపీ. నన్ను కొడతారేమో, కొడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

'ఎల్డన్ గారూ, నేనే మిమ్మల్ని ఈ గతికి తెచ్చాను. ఏడాది పాటు గుచ్చి గుచ్చి అడిగి, చెయ్యని తప్పు మీ నెత్తిన వేసుకునేదాకా తెచ్చాను. నన్ను మన్నించండి. మీరు చూడగానే చెప్పారు. నా బిడ్డకి టైము లేదు, అంతే. ఇప్పుడు నాకు తెలిసింది. ఇవాళ్టి నుంచి నిద్రపోతాను.'

కాదమ్మా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి నా చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. కాదండీ, నా మాట నమ్మండి అన్నాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వారు. ఎన్నాళ్ళకి నవ్వారో ఆ మొహం చూస్తే తెలుస్తోంది.

మూడోసారి నేనేమీ అనలేదు.

ఎల్డన్